ఉప్పు రాయిలో ఎలక్ట్రాను లెక్క

తెనాలిలో రైలెక్కి బాపట్ల, చీరాల దాటి ఒంగోలు వైపు వెళ్ళేవారికి చినగంజాం దగ్గర ఉప్పు కొటార్లు కనబడతాయి. చదును చేసిన మడులు, వాటిలో నిలవబెట్టిన ఉప్పునీరు, గట్ల మీద తెల్లని కుప్పలు. ఎండ నీటిని ఆవిరి చేస్తుంది. మడిలో ఉప్పు మిగులుతుంది. ఈ తీరంలో ఉప్పు తీయడం ఎంతోకాలంగా ఉన్న వృత్తి. 1930లో టంగుటూరి ప్రకాశం పంతులు ఒంగోలు దగ్గరి దేవరంపాడు శిబిరం నుంచి ధిక్కరించింది ఈ ఉప్పు మీది చట్టాన్నే.

కొలకలూరు, తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో ఆవకాయ పెట్టే ప్రతి ఇంట్లోనూ రాళ్ళ ఉప్పు ఉంటుంది. అందులోంచి ఒక పెద్ద పలుకును తీసి వెలుతురులో చూడండి. దాని ముఖాలు చదునుగా, మూలలు నిలువుగా ఉంటాయి. చిన్న గచ్చు ఇటుకలు పేర్చినట్లు ఉంటుంది. ఎవరూ చెక్కకుండానే దానికి ఈ ఆకారం ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే సోడియం, క్లోరిన్ పరమాణువుల మధ్య జరిగే ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు గురించి తెలుసుకోవాలి.

రెండు ప్రమాదకరమైన పదార్థాలు

ఉప్పులో ఉన్న మూలకాలు రెండు. మొదటిది సోడియం. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి విద్యుత్తును పంపి దీనిని మొదటిసారి వేరు చేశాడు. ఇది కత్తితో కోయగలిగినంత మెత్తని లోహం. 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. నీటి కంటే తేలిక. నీటిలో వేస్తే బుసబుసమంటూ అటూ ఇటూ పరుగెత్తుతుంది, హైడ్రోజన్‌ను వెలువరిస్తుంది, ఒక్కొక్కసారి పేలుతుంది. అందుకే ప్రయోగశాలల్లో దీనిని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు.

రెండవది క్లోరిన్. 1774లో స్వీడన్ దేశస్థుడు షీలే దీనిని తయారు చేశాడు. ఇది ఒక మూలకమని 1810లో డేవీ తేల్చాడు. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు గల ఈ వాయువు ఘాటైన వాసనతో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం ఈ వాయువునే శత్రువుల మీదికి వదిలింది. ఆ పనిని దగ్గర ఉండి నడిపించిన రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. ఈ పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ ఒకసారి వస్తుంది.

ఒకటి నీటిని తాకితే మండేది, రెండవది పీలిస్తే ప్రాణం తీసేది. ఈ రెండూ కలిస్తే మనం అన్నంలో కలుపుకొనే ఉప్పు! సంయోగం జరిగినప్పుడు మూలకాల గుణాలు మారిపోతాయని మీరు చదువుకున్నారు. ఎందుకు మారతాయో ఇప్పుడు చూద్దాం.

చివరి కక్ష్యలో ఏమున్నది?

సోడియం పరమాణు సంఖ్య 11. కేంద్రకంలో 11 ప్రోటాన్లు, దాని చుట్టూ 11 ఎలక్ట్రాన్లు. ఈ ఎలక్ట్రాన్లు 2, 8, 1 చొప్పున మూడు కక్ష్యలలో ఉంటాయి. క్లోరిన్ పరమాణు సంఖ్య 17. దాని ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 7.

1916లో జర్మనీకి చెందిన వాల్టర్ కోసెల్ ఒక సంగతిని ఎత్తిచూపాడు. నియాన్‌కు 2, 8. ఆర్గాన్‌కు 2, 8, 8 అమరికలు ఉన్నాయి. ఈ జడవాయువులు మామూలుగా దేనితోనూ కలవవు. సోడియం ఒక ఎలక్ట్రానును పోగొట్టుకుంటే నియాన్ అమరిక వస్తుంది. క్లోరిన్ ఒక ఎలక్ట్రానును చేర్చుకుంటే ఆర్గాన్ అమరిక వస్తుంది. కాబట్టి సోడియం నుంచి క్లోరిన్‌కు ఒక ఎలక్ట్రాను బదిలీ అవుతుంది అన్నాడు కోసెల్. అదే సంవత్సరం అమెరికాలో గిల్బర్ట్ లూయిస్ చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లకు గల ప్రాముఖ్యాన్ని చెప్పాడు. మన పాఠ్యపుస్తకాల్లోని అష్టక నియమం ఇదే.

బదిలీ తరువాత సోడియంలో ప్రోటాన్లు 11, ఎలక్ట్రాన్లు 10. ఒక ధనావేశం మిగిలింది. క్లోరిన్‌లో ప్రోటాన్లు 17, ఎలక్ట్రాన్లు 18. ఒక ఋణావేశం చేరింది. ఇప్పుడివి పరమాణువులు కావు, అయానులు. విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి గనుక ఇవి ఒకదానినొకటి పట్టి ఉంచుకుంటాయి. దీనినే అయానిక బంధం అంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పది ఎలక్ట్రాన్లు ఉన్నంత మాత్రాన సోడియం నియాన్ అయిపోదు. మూలకం ఏదో నిర్ణయించేది కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. ఎలక్ట్రాన్ల అమరిక ఒకటే గాని, అది సోడియమే.

లెక్క సరిపోతున్నదా?

పరీక్షలో ఇంతవరకు రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. కాని ఆలోచించే విద్యార్థికి ఇక్కడ ఒక సందేహం రావాలి. "సోడియం తన ఎలక్ట్రానును ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది, క్లోరిన్ తీసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది" అని మనం తరగతిలో తరచు చెప్పుకుంటాం. పరమాణువుకు ఇష్టాయిష్టాలు లేవు కదా! ఎలక్ట్రాను ఋణావేశం గలది, కేంద్రకం ధనావేశం గలది. ఆ ఎలక్ట్రానును కేంద్రకం తన వైపు లాగుతూనే ఉంటుంది. అటువంటప్పుడు సోడియం దానిని ఊరికే వదులుతుందా?

వదలదు. శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూశారు. లెక్క సులభంగా ఉండటానికి ఒక మోల్ పరమాణువులను తీసుకుందాం. అంటే 23 గ్రాముల సోడియం, 35.5 గ్రాముల క్లోరిన్. రెండింటిలోనూ పరమాణువుల సంఖ్య ఒక్కటే.

వాయు స్థితిలో ఉన్న ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రానును ఊడదీయడానికి 496 కిలోజౌళ్ళ శక్తి ఖర్చవుతుంది. దీనిని అయనీకరణ శక్తి అంటారు. ఇది చిన్న ఖర్చు కాదు. ఒకటిన్నర లీటర్లకు పైగా నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడి చేయడానికి సరిపోతుంది.

ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ పరమాణువులు చేర్చుకున్నప్పుడు 349 కిలోజౌళ్ళ శక్తి వెలువడుతుంది. దీనిని ఎలక్ట్రాన్ ఎఫినిటీ అంటారు.

ఇప్పుడు కూడిక, తీసివేత చేయండి. ఖర్చు 496, రాబడి 349. ఇంకా 147 కిలోజౌళ్ళు బాకీ! అంటే దూరదూరంగా ఉన్న సోడియం పరమాణువు, క్లోరిన్ పరమాణువు తమంతట తాము ఎలక్ట్రానును బదిలీ చేసుకోవు. అలా చేస్తే నష్టమే. చివరి కక్ష్యలో ఎనిమిది నిండుతున్నాయన్న కారణం ఒక్కటే ఈ నష్టాన్ని పూడ్చదు.

మరి ఉప్పు ఎలా ఏర్పడుతున్నది?

బాకీ తీర్చేది ఆకర్షణ

జవాబు బదిలీలో లేదు. బదిలీ తరువాత జరిగే దానిలో ఉన్నది. ధన అయాను, ఋణ అయాను ఒకదాని దగ్గరకు ఒకటి జరుగుతున్నకొద్దీ శక్తి వెలువడుతుంది. దూరం సగమైతే ఈ శక్తి రెట్టింపు. లెక్క వేస్తే, రెండు అయానుల మధ్య దూరం సుమారు 0.95 నానోమీటర్ల కంటే తగ్గితే 147 కిలోజౌళ్ళ బాకీ తీరిపోతుంది. (ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.) ఉప్పులో అయానుల కేంద్రకాల మధ్య దూరం ఇంకా తక్కువ, 0.28 నానోమీటర్లు మాత్రమే. అంత దగ్గరగా వచ్చిన ఒక మోల్ అయానుల జంటలకు ఆకర్షణ వల్ల లెక్కకు వచ్చే శక్తి సుమారు 490 కిలోజౌళ్ళు.

అంతటితో ఆగదు. ఒక సోడియం అయాను చుట్టూ క్లోరిన్ అయాను ఒకటే ఎందుకు ఉండాలి? ఆవేశానికి దిక్కు లేదు; అన్ని వైపులా లాగుతుంది. పైన, కింద, ముందు, వెనుక, కుడి, ఎడమ - ఆరు వైపులా ఆరు క్లోరైడు అయానులు చేరతాయి. ప్రతి క్లోరైడు అయాను చుట్టూ మళ్ళీ ఆరు సోడియం అయానులు. ఈ వరుస అన్ని దిక్కులకూ సాగిపోతుంది. సజాతి అయానులు కొంచెం దూరంగా, విజాతి అయానులు పక్కపక్కనే ఉంటాయి గనుక మొత్తం మీద ఆకర్షణదే పైచేయి. ఒంటరి జంటలో కంటే స్ఫటికంలో ఈ ఆకర్షణ సుమారు ఒకటి ముప్పావు రెట్లు అవుతుంది. 1918లో ఎర్విన్ మాడెలుంగ్ ఈ లెక్క కట్టే పద్ధతిని చెప్పాడు.

అయానులు మరీ దగ్గరైతే వాటి ఎలక్ట్రాన్ మేఘాలు నెట్టుకుంటాయి. ఆ వికర్షణను తీసివేసిన తరువాత, వాయు స్థితిలోని అయానులు ఒక మోల్ ఉప్పు స్ఫటికంగా పేరుకున్నప్పుడు 787 కిలోజౌళ్ళు వెలువడతాయి. దీని పేరు జాలక శక్తి.

ఇప్పుడు మొత్తం జమాఖర్చు చూడండి. ఘన సోడియంను విడి పరమాణువులుగా చేయడానికి ఖర్చు 107. క్లోరిన్ అణువులను పరమాణువులుగా విడగొట్టడానికి ఖర్చు 122. ఎలక్ట్రానును ఊడదీయడానికి 496. మొత్తం ఖర్చు 725. రాబడి వైపు ఎలక్ట్రాన్ ఎఫినిటీ 349, జాలక శక్తి 787. మొత్తం 1136. ఖర్చులు పోను మిగిలింది 411 కిలోజౌళ్ళు. సోడియంను క్లోరిన్‌లో మండించి, వెలువడిన ఉష్ణాన్ని నేరుగా కొలిచినా వచ్చే విలువ ఇదే!

1919లో ఈ జమాఖర్చు పద్ధతిని రూపొందించినవారు మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్. అందుకే దీనిని బోర్న్-హేబర్ చక్రం అంటారు. క్లోరిన్‌ను ఆయుధంగా వదిలించిన ఆ హేబరే, అదే క్లోరిన్ ఉప్పులో ఎందుకు నిశ్చలంగా కూర్చుంటుందో లెక్క కట్టి చూపడానికీ తోడ్పడ్డాడు. విజ్ఞానం ఒకటే; దానితో ఏం చేస్తామన్నది మనిషి చేతిలో ఉన్నది.

ఈ జమాఖర్చుతో మరో ప్రశ్న కూడా తేలిపోతుంది. సోడియం రెండు ఎలక్ట్రాన్లను ఎందుకు ఇవ్వదు? రెండవ ఎలక్ట్రాను లోపలి కక్ష్యలోనిది. దానిని ఊడదీయడానికి 4562 కిలోజౌళ్ళు కావాలి. ఏ జాలక శక్తీ ఆ ఖర్చును భరించలేదు. మెగ్నీషియం సంగతి వేరు. దాని అమరిక 2, 8, 2. మొదటి ఎలక్ట్రానుకు 738, రెండవదానికి 1451 కిలోజౌళ్ళు చాలు. రెట్టింపు ఆవేశం గల అయాను వల్ల జాలక శక్తి బాగా పెరిగి ఈ ఖర్చు తిరిగి వస్తుంది. మూడవదానికి 7733 కావాలి, అది రాదు. కాబట్టి "ఎనిమిది" అన్న అంకెలో మహత్తు ఏమీ లేదు. లోపలి కక్ష్యను తాకితే ఖర్చు ఒక్కసారిగా పెరిగిపోతుంది. అష్టక నియమం వెనుక ఉన్న అసలు కారణం అదే.

జంట ఎక్కడున్నది?

ఉప్పు ఫార్ములాను సోడియం ఒకటి, క్లోరిన్ ఒకటి అని రాస్తాం. దానిని చూసి చాలామంది ఉప్పులో రెండేసి పరమాణువులు గల అణువులు ఉంటాయనుకుంటారు. 1913లో లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాలను ఉప్పు స్ఫటికం గుండా పంపి దాని నిర్మాణాన్ని తెలుసుకున్నాడు. అక్కడ జంటలు కనబడలేదు. చదరంగం పలకలో నల్ల గడి, తెల్ల గడి మారిమారి వచ్చినట్లు రెండు రకాలూ మారిమారి మూడు దిక్కులా పేర్చి ఉన్నాయి. 1915లో తండ్రి విలియం బ్రాగ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నప్పుడు లారెన్స్ వయస్సు 25 సంవత్సరాలే.

దీనిని అందరూ వెంటనే ఒప్పుకోలేదు. దాదాపు 80 ఏళ్ళ వయస్సులో ఉన్న పేరుపొందిన రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఉప్పులో అణువులే లేవంటే అది బుద్ధికి విరుద్ధమని 1927లో 'నేచర్' పత్రికలో ఘాటుగా విమర్శించాడు. కాని స్ఫటికాల మీద జరిగిన పరీక్షలన్నీ బ్రాగ్ వైపే నిలిచాయి. ఫార్ములా చెప్పేది నిష్పత్తిని మాత్రమే. ఉప్పు రాయిలో ఏ సోడియం అయానుకూ "ఇది నా క్లోరిన్" అని చెప్పుకోదగినది ఒకటి లేదు. ఆరూ సమానమే.

మీ చేతిలోని పలుకుకు చదునైన ముఖాలు, నిలువు మూలలు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా! కంటికి కనబడని పేర్పే కంటికి కనబడే ఆకారంగా పైకి వచ్చింది.

గట్టిదే గాని పెళుసు

ఒక పెద్ద ఉప్పు పలుకును గుడ్డలో చుట్టి సుత్తితో మెల్లగా కొట్టండి. నలిగి సాగదు, పగులుతుంది. పగిలిన ముక్కల ముఖాలు కూడా చదునుగా ఉంటాయి. ఒక రాగి తీగను కొట్టండి. అది పగలదు, చదునవుతుంది. ఎందుకు? ఉప్పులో ఒక పొర దెబ్బకు కొంచెం జరిగితే ధన అయాను ఎదుటికి ధన అయాను, ఋణ అయాను ఎదుటికి ఋణ అయాను వస్తాయి. అంతవరకు లాగుకొన్నవే ఇప్పుడు నెట్టుకొని విడిపోతాయి.

ఆకర్షణ అన్ని వైపులా ఉండటం వల్ల ఉప్పును కరిగించడం కష్టం. అందుకు 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. మెగ్నీషియం ఆక్సైడులో రెండు రకాల అయానులకూ రెండేసి ఆవేశాలు. దాని ద్రవీభవన స్థానం 2800 డిగ్రీల పైమాట. అందుకే ఉక్కు కొలుముల లోపల ఆ ఇటుకలు వాడతారు.

అంత వేడికి గాని కరగని ఉప్పు చల్లని నీటిలో ఇట్టే కరిగిపోవడం వింత కాదా? నీటి అణువులో ఒక కొన కొద్దిగా ఋణావేశం, మరొక కొన కొద్దిగా ధనావేశం కలిగి ఉంటాయి. నీటి అణువులు గుంపుగా చేరి ఒక్కొక్క అయానును చుట్టుముట్టి స్ఫటికం నుంచి లాక్కుపోతాయి. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. కరిగినా సోడియం తన ఎలక్ట్రానును తిరిగి పుచ్చుకోదు. అందుకే ఉప్పు నీటిలో వేస్తే మంట రాదు, విషవాయువు రాదు.

కొటారులో ఏ అయాను ముందు?

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో సోడియం, క్లోరైడులతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు అయానులూ ఉన్నాయి. నీటిలో ఇవి ఎవరికి వారుగా తిరుగుతుంటాయి. నీరు ఆవిరై చిక్కబడుతున్నకొద్దీ తక్కువ కరిగే జతలు ముందుగా స్ఫటికాలవుతాయి. మొదట కాల్షియం కార్బొనేటు, తరువాత జిప్సం అడుగున పేరుకుంటాయి. నీరు పదో వంతుకు తగ్గేసరికి ఉప్పు పడటం మొదలవుతుంది. చివరికి మిగిలిన చేదు నీటిలో మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీటిని ఉప్పు నుంచి తీసివేయాలి. సరిగా తీయకపోతే మెగ్నీషియం క్లోరైడు ఉప్పు పలుకులకు అంటుకొని ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో జాడీలోని రాళ్ళ ఉప్పు చెమర్చడానికి ముఖ్య కారణం ఇదే.

పొలంలో అదే అయాను

ఎలక్ట్రానును పోగొట్టుకున్న సోడియం మండదు. అంతమాత్రాన ఎక్కడున్నా మేలే చేస్తుందనుకోకూడదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన కృష్ణా ముఖద్వారం దగ్గరి దివిసీమను ముంచెత్తి వేలాది మంది ప్రాణాలు తీసింది. అటువంటి ఉప్పెనలు వచ్చినప్పుడు సముద్రపు నీరు పొలాల్లో నిలుస్తుంది. నీరు పోయినా ఉప్పు మిగులుతుంది. ఉప్పు ఎక్కువైన మట్టిలో పైరు వేళ్ళు నీటిని పీల్చుకోలేవు. మడిలో నీరున్నా పైరు దాహంతో ఎండుతుంది.

ఉప్పు మాత్రమే ఎక్కువైతే మంచినీరు పెట్టి, మురుగు తీసివేసి కడిగివేయవచ్చు. కాని బంకమట్టి రేణువులకు ఋణావేశం ఉంటుంది. సోడియం అయానులు వాటిని పట్టుకొని వేలాడితే నేల గట్టిపడి నీరు దిగదు. అటువంటి చవుడు నేలకు రైతులు జిప్సం వేస్తారు. జిప్సంలోని కాల్షియం అయానుకు రెండు ఆవేశాలు. అది రెండు సోడియం అయానులను తొలగించి వాటి స్థానంలో కూర్చుంటుంది. విడిపడిన సోడియంను నీటితో మురుగు కాలువలోకి పంపాలి. మురుగు పోయే దారి లేకపోతే జిప్సం వేసినా ఫలితం ఉండదు. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉప్పు నేలల మీద, ఉప్పునీటి వాడకం మీద చాలాకాలంగా పరిశోధనలు జరిపిస్తున్నది. చిన్న తరగతి గదిలో చదివిన ఆవేశాల పాఠమే ఎకరాల కొద్దీ పొలంలో పనికి వస్తున్నది.

చేసి చూడండి

9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల నిరోధం, రెండు పెన్సిలు ములుకులు తీసుకోండి. అన్నింటినీ ఒకే వరుసలో కలపండి. ఎల్‌ఈడీ పొడవు కాలు బ్యాటరీ ధన ధ్రువం వైపు ఉండాలి. రెండు ములుకులను ఒకదానికొకటి తగలకుండా మొదట పొడి ఉప్పులో, తరువాత చక్కెర కలిపిన స్వేదన జలంలో, చివరికి ఉప్పు కలిపిన స్వేదన జలంలో ముంచండి. దేనిలో దీపం వెలిగింది? ఉప్పునీటిలో కొద్దిగా క్లోరిన్ పుడుతుంది గనుక గాలి ఆడే చోట, ఒకటి రెండు నిమిషాలే చేయండి. ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం ఎన్నడూ చేయరాదు.

ఆలోచించండి

1. పొడి ఉప్పులోనూ అయానులే ఉన్నాయి కదా! అందులో దీపం ఎందుకు వెలగలేదు?
2. సోడియంకు బదులు పొటాషియం తీసుకుంటే ఎలక్ట్రానును ఊడదీసే ఖర్చు తగ్గుతుందా, పెరుగుతుందా? దాని చివరి ఎలక్ట్రాను కేంద్రకానికి ఎంత దూరంలో ఉంటుందో ఊహించి చెప్పండి.
3. కాల్షియం క్లోరైడులో ఒక కాల్షియంకు రెండు క్లోరిన్లు ఎందుకు? "ఎనిమిది నిండటానికి" అని కాకుండా, జమాఖర్చు మాటల్లో జవాబు రాయండి.

మూడవ ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు రాయగలిగితే, అయానిక బంధం మీకు అర్థమైనట్లే.